డోనెపెజిల్ వాడుతున్న నాన్నగారికి బ్రాహ్మి ఇవ్వొచ్చా?

అడిగిన విషయం ఇది: నాన్నగారికి 74 ఏళ్లు. రెండేళ్ల కిందట అల్జీమర్స్ అని తేల్చారు. రాత్రి డోనెపెజిల్ 10 మిల్లీగ్రాములు, బీపీకి మెటోప్రొలాల్ 50, షుగరుకి పదేళ్లుగా మెట్‌ఫార్మిన్, ఆస్పిరిన్ 75. ఈమధ్య మూత్రం ఆపుకోలేకపోతుంటే ఆక్సీబ్యుటినిన్ కలిపారు. నిద్ర పట్టని రోజు ఇంట్లో ఉన్న ఎలర్జీ మాత్ర అవిల్ ఒకటి వేస్తున్నారు. బ్రాహ్మి క్యాప్సూళ్లు, సారస్వతారిష్టం మొదలుపెట్టి ఇంగ్లీషు మందు మెల్లగా మానేయమని బంధువుల సలహా.

డోనెపెజిల్ మీ అంతట మీరు ఆపకండి. మిగతాదంతా దీని తర్వాతే. ఈ మందు జబ్బును నయం చెయ్యదు, దాని పని చిన్నదే. కానీ ఆపితే ఏమవుతుందో చూసిన పరీక్ష ఉంది. బ్రిటన్‌లో 295 మందితో జరిగి 2012లో వెలువడిన డొమినో అధ్యయనంలో, ఆపేసినవాళ్లు కొనసాగించినవాళ్ల కన్నా జ్ఞాపకంలోనూ, స్నానం, బట్టలు, తిండి లాంటి రోజువారీ పనుల్లోనూ వెనకబడ్డారు. అలా జారిపోయినది మందు మళ్లీ మొదలుపెట్టినంత మాత్రాన పూర్తిగా తిరిగి వస్తుందన్న భరోసా లేదు. మూలిక వల్ల నష్టం చాలాసార్లు మూలికలో ఉండదు, దాని కోసం మానేసిన మాత్రలో ఉంటుంది.

రెండో సంగతి బంధువులు చెప్పనిది. మీరు రాసిన మందుల పట్టీలోనే మతిమరుపు పెంచేవి రెండున్నాయి. డోనెపెజిల్ మెదడులో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం త్వరగా విరిగిపోకుండా చూస్తుంది. ఆక్సీబ్యుటినిన్, అవిల్ రెండూ అదే రసాయనం పనిని అడ్డుకుంటాయి. పైన కుళాయి తిప్పి కింద తూము తెరిచినట్టు. పైగా మూత్రం ఆపుకోలేకపోవడం డోనెపెజిల్ వల్లే వచ్చి ఉండొచ్చు. అది మూత్రాశయాన్ని కూడా బిగించేలా చేస్తుంది. ఒక మందు తెచ్చిన ఇబ్బందిని కొత్త జబ్బనుకుని ఇంకో మందు రాయడం పెద్దవాళ్లలో చాలా మామూలుగా జరిగే పొరపాటు. డాక్టరు దగ్గర ఈ మూడు మాటలు అడగండి: మూత్రం ఇబ్బంది డోనెపెజిల్ మోతాదు పెంచిన తర్వాత మొదలైందా, ఆక్సీబ్యుటినిన్ బదులు మెదడు మీద ఈ ప్రభావం లేని మిరాబెగ్రాన్ లాంటిది కుదురుతుందా (ఇది బీపీ పెంచగలదు కాబట్టి డాక్టరే నిర్ణయించాలి), డోనెపెజిల్‌ను ఉదయానికి మార్చొచ్చా. రాత్రి వేసుకుంటే కొందరికి చెడ్డ కలలు వచ్చి నిద్ర చెడుతుంది. ఉదయానికి మారిస్తే అవిల్ అవసరమే పోవచ్చు. ఈలోగా పగలు రెండు గంటలకోసారి అడగకుండానే బాత్రూముకు తీసుకెళ్లండి. సాయంత్రం ఆరు తర్వాత కాఫీ, టీ వద్దు. ఇది మాత్ర కన్నా బాగా పనిచేసే ఇళ్లు ఎన్నో.

పదేళ్ల మెట్‌ఫార్మిన్ బి12 ను తగ్గిస్తుంది. శాకాహారులైతే ఇంకా ఎక్కువ. ఎసిడిటీకి పాంటప్రజోల్ కూడా ఏళ్ల తరబడి వాడుతుంటే మరీను. బి12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్), సోడియం, క్రియాటినిన్ (కిడ్నీ), లివర్ పరీక్షలు చేయించండి. బి12 మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల లోపుంటే లోటే. 200 నుంచి 300 మధ్య ఉంటే అనుమానించాల్సిందే. బ్రాహ్మి మొదలుపెట్టినా పెట్టకపోయినా ఈ పరీక్షలు కావాలి. మొదలుపెట్టేటట్టయితే లివర్ రిపోర్టు ముందు చేతిలో ఉండాలి, తర్వాత దేనితో పోల్చాలో తెలియాలి కదా.

ఇక మొక్క సంగతి. ఇక్కడే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు, ఎందుకంటే పేరు ఒకటి, మొక్కలు రెండు.

మన ఇళ్లలో సరస్వతి ఆకు అనేది మండూకపర్ణి, శాస్త్రనామం సెంటెల్లా ఏసియాటికా. నేలమీద తీగలా పాకుతుంది, కణుపు కణుపుకీ వేరు దిగుతుంది. పొడుగాటి కాడ చివర ఒక్కటే ఆకు, గుండ్రంగా, మూత్రపిండం ఆకారంలో, అంచులు చిన్న చిన్న వంపులతో ఉంటాయి. పప్పులో వేసేది, పచ్చడి చేసేది ఇదే. క్యాప్సూల్ మీద పరిశోధనలు చూపించే బ్రాహ్మి వేరు, అది బకోపా మొన్నేరి. తడినేలలో, చెరువు గట్టున పెరుగుతుంది. ఆకులు చిన్నవి, మందంగా, నీరు నిండినట్టు, కాడకు రెండేసి ఎదురెదురుగా ఉంటాయి. తెల్లగానో లేత ఊదాగానో అయిదు రేకుల పువ్వు. నోట్లో వేస్తే చేదు నాలుక వదలదు. కొందరు దీన్ని నీటిబ్రాహ్మి అంటారు. కేరళలో బ్రాహ్మి అంటే ఇదే. ఉత్తరాదిన చాలాచోట్ల బ్రాహ్మి అని అమ్మేది సెంటెల్లా. మందుల ప్రమాణాలు చెప్పే ప్రభుత్వ గ్రంథం, భారత ఆయుర్వేద ఫార్మకోపియా, మాత్రం స్పష్టంగా వేరుచేసి రాసింది: బ్రాహ్మి అంటే బకోపా, మండూకపర్ణి అంటే సెంటెల్లా. మోతాదులు కూడా వేరు. పొడిగా అయితే బ్రాహ్మి రోజుకు 1 నుంచి 3 గ్రాములు, మండూకపర్ణి 3 నుంచి 6 గ్రాములు.

ఇంకో చిన్న విషయం, వాదన కోసం కాదు గానీ తెలిసి ఉండటం మంచిది. చరకుడు మేధ్య రసాయనాలని (బుద్ధికి బలమిచ్చేవని) చెప్పిన నాలుగింటిలో బ్రాహ్మి పేరు లేదు. అవి మండూకపర్ణి రసం, పాలతో అతిమధురం చూర్ణం, తిప్పతీగ రసం, శంఖపుష్పి ముద్ద. కాబట్టి "చరకుడు చెప్పిన బ్రాహ్మి" అని సీసా మీద కనిపిస్తే ఏ మొక్కో అడగండి. ఈ నాలుగూ ఎవరికైనా ఇవ్వదగ్గవి కూడా కావు. అతిమధురం ఎక్కువ కాలం వాడితే పొటాషియం పడిపోయి బీపీ పెరుగుతుంది. నీరు పోయే మాత్రలు, గుండెకిచ్చే డిగాక్సిన్ వాడేవాళ్లకు అది ప్రమాదం. శంఖపుష్పి సిరప్ ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్ స్థాయిని రక్తంలో తగ్గించినట్టు మన దేశంలోనే గమనించారు, అంటే ఆగిన ఫిట్స్ మళ్లీ రావచ్చు. ఎక్కువ మోతాదులో సెంటెల్లా మాత్రలు వాడినవాళ్లలో లివర్ దెబ్బతిన్న కేసులూ నమోదయ్యాయి. వారానికి రెండుసార్లు పప్పులో గుప్పెడు ఆకు వేసుకోవడానికీ, రోజూ గాఢమైన ఎక్స్‌ట్రాక్ట్ (మొక్క నుంచి తీసిన సారం) మింగడానికీ మధ్య చాలా దూరం ఉంది.

బకోపా నిజంగా ఏం చేస్తుందంటే, ఆధారం ఉంది గానీ అది మీ నాన్నగారిలాంటి వాళ్లది కాదు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ దీనిలోని బకోసైడ్లు అనే పదార్థాలను వేరుచేసి, వాటి పాళ్లు కొలిచిన ఎక్స్‌ట్రాక్ట్ తయారుచేసింది. తర్వాత ఆరోగ్యవంతులపై జరిగిన పరీక్షలు చాలావరకు రోజుకు 300 మిల్లీగ్రాములు, 12 వారాల చొప్పున సాగాయి. అమెరికాలో 65 దాటిన 54 మందితో జరిగి 2008లో వెలువడిన పరీక్షలో, విన్న మాటల జాబితాను కాసేపాగి తిరిగి చెప్పడం కొంత మెరుగైంది. వాళ్లెవరికీ డిమెన్షియా లేదు. అదే పరీక్షలో బకోపా తీసుకున్నవాళ్ల నాడి వేగం కాస్త తగ్గింది. మీ విషయంలో ఈ చివరి వాక్యమే ముఖ్యం, కింద మళ్లీ వస్తుంది.

అల్జీమర్స్ వచ్చినవాళ్లలో బ్రాహ్మిని డోనెపెజిల్‌తో పోల్చి చండీగఢ్‌లోని పీజీఐ ఆసుపత్రిలో ఏడాదిపాటు పరీక్ష చేశారు. రెండింటి మధ్య తేడా తేలలేదు. దీన్ని "బ్రాహ్మి, డోనెపెజిల్ సమానమని తేలింది" అని ప్రచారం చేస్తున్నారు. అది తప్పు. చేరినవాళ్లు యాభై మందికి లోపు. అంత తక్కువమందిలో తేడా ఉన్నా కనబడదు. ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన మూడో జట్టు లేదు కాబట్టి, రెండూ పనిచేశాయో రెండూ చెయ్యలేదో కూడా దాన్నుంచి చెప్పలేం. తేడా తేలలేదు అన్నది వేరు, తేడా లేదు అన్నది వేరు.

కాబట్టి ఆశ ఎంత పెట్టుకోవాలంటే, కొత్త విషయం కాస్త నిలవడం, చిరాకు కొద్దిగా తగ్గడం. మరిచిపోయిన మనవడి పేరు తిరిగి రావడం కాదు.

నాడి సంగతి. డోనెపెజిల్ నాడిని నెమ్మదింపజేస్తుంది. మెటోప్రొలాల్ కూడా అదే చేస్తుంది. మూడోదిగా బకోపా చేరితే గుండె మరీ నెమ్మదించి, లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడిపోవచ్చు. ఈ వయసులో తుంటి విరగడం మతిమరుపు కన్నా ముందు మంచం ఎక్కిస్తుంది. బకోపాకు కూడా ఎసిటైల్‌కోలిన్‌ను పెంచే గుణం కొంత ఉంది. కాబట్టి డోనెపెజిల్‌తో కలిస్తే వికారం, విరేచనాలు, చొంగ, ఆకలి తగ్గడం ఎక్కువ కావచ్చు. ఉబ్బసం ఉంటే, కడుపులో పుండ్లుంటే, ప్రోస్టేటు వల్ల మూత్రం ఆగుతుంటే ఇవ్వకపోవడమే మేలు. థైరాయిడ్ మాత్ర వాడేవాళ్లు టీఎస్‌హెచ్ మళ్లీ చూపించుకోవాలి.

ఇవన్నీ విన్నాక కూడా ప్రయత్నించాలనిపిస్తే, అది తప్పేం కాదు. పద్ధతిగా చెయ్యండి.

మొదలుపెట్టే ముందు నెల రోజులు ఏ మందూ మార్చకూడదు. ఆక్సీబ్యుటినిన్ తీసేయడం, బి12 ఇంజెక్షన్లు మొదలుపెట్టడం, డోనెపెజిల్ సమయం మార్చడం లాంటివి ముందే జరిగిపోవాలి. అన్నీ ఒకేసారి చేస్తే, నాన్నగారు తేరుకున్నప్పుడు ఆ గొప్ప ఏదో ఒక సీసాకు పోతుంది. సాధారణంగా ఖరీదైన సీసాకే.

ఆ నెల నుంచే ఒక నోటుబుక్కు పెట్టండి. ప్రతి ఆదివారం ఒకే సమయంలో అయిదు విషయాలకు సున్నా, ఒకటి, రెండు మార్కులు (బాగుంటే రెండు). ఉదాహరణకు: పేపరు చూసి వారం, తారీఖు చెప్పారా. పొద్దున తిన్న టిఫిన్ గుర్తుందా. చొక్కా గుండీలు తనే పెట్టుకున్నారా. ఒకే ప్రశ్న గంటలో ఎన్నిసార్లు అడిగారు. సాయంత్రం పూట కంగారు ఎంత. వీలైతే మార్కులు వేసేది మందు ఎప్పుడు మొదలైందో తెలియనివాళ్లు కావాలి. అమెరికా నుంచి ఆదివారం వీడియో కాల్ చేసే చెల్లెలో తమ్ముడో ఉంటే వాళ్లకు ఈ పని అప్పజెప్పండి. దగ్గరుండి మందిచ్చేవాళ్ల కళ్లకు మొదటి వారంలోనే మార్పు కనిపిస్తుంది. అది ప్రేమ, కొలత కాదు.

బీపీ మిషన్లో నాడి చూసి మూడు రోజుల సగటు రాసుకోండి. 60 లోపుంటే డాక్టరును అడగకుండా మొదలుపెట్టొద్దు. ఈసీజీ తీయించడం మంచిది.

మొదటి వారం ఎక్స్‌ట్రాక్ట్ 150 మిల్లీగ్రాములు, ఉదయం టిఫిన్ అయ్యాక. ఖాళీ కడుపున వద్దు, మెలిపెట్టి విరేచనాలు అవుతాయి. బాగుంటే రెండో వారం నుంచి 300. అంతకు మించి పోవద్దు. రాత్రిపూట ఇస్తే పొట్ట ఇబ్బంది నిద్ర చెడగొడుతుంది. మొదటి రెండు వారాలూ రోజూ నాడి చూడండి. 50 కన్నా తగ్గినా, కళ్లు తిరిగినా, పడిపోయినా, రోజుకు మూడు విరేచనాలు దాటినా, రెండు పూటలు అన్నం మానేసినా బ్రాహ్మి ఆపి డాక్టరుకు ఫోన్ చెయ్యండి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా అదే రోజు లివర్ పరీక్ష. బరువు నెలకోసారి చూడండి. డోనెపెజిల్‌తోనే కొందరు సన్నబడతారు. రెండు కిలోలు తగ్గితే చెప్పాల్సిన విషయమే.

సీసా నాన్నగారికి అందకుండా ఉంచండి. వేసుకున్న సంగతి మరిచి మళ్లీ వేసుకోవడం ఈ జబ్బులో రోజూ జరిగేదే. గుటక వెయ్యడం కష్టమైతే క్యాప్సూల్ విప్పి గడ్డపెరుగులో కలపొచ్చు. మహా చేదు, రెండో చెంచాకే పెరుగన్నం అంటే భయపడతారు. అందుకని భోజనంలో కలపొద్దు, విడిగా రెండు చెంచాలలో ఇవ్వండి.

కొనేటప్పుడు లేబుల్ మీద చూడాల్సినవి. బకోపా మొన్నేరి అన్న పేరు రాసి ఉండాలి. వట్టి "బ్రాహ్మి" అని ఉంటే పక్కన పెట్టండి. పొడా, ఎక్స్‌ట్రాక్టా తెలియాలి. 500 మిల్లీగ్రాముల పొడి, 300 మిల్లీగ్రాముల ఎక్స్‌ట్రాక్ట్ ఒకటి కావు. పొడిలో బకోసైడ్లు చాలా తక్కువ. బకోసైడ్ల శాతం ఎలా కొలిచారన్నది ఇంకో మెలిక. పాత యూవీ పద్ధతిలో కొలిస్తే 50 శాతమని వచ్చేది, ఒక్కో పదార్థాన్నీ విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ పద్ధతిలో బాగా తక్కువగా తేలుతుంది. రెండు సీసాల మీద అంకెలు పోల్చి ఎక్కువున్నది కొనడం వల్ల ఒరిగేది లేదు. తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, సీసం, పాదరసం, ఆర్సెనిక్ పరీక్ష రిపోర్టు ఇస్తారా అన్నవి చూడండి. 2008లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో ఇంటర్నెట్‌లో కొన్న 193 ఆయుర్వేద ఉత్పత్తులు పరీక్షిస్తే దాదాపు అయిదింట ఒకదానిలో ఈ లోహాల్లో ఏదో ఒకటి దొరికింది. భస్మాలు కలిసిన రసౌషధాల్లో అది, కలవనివాటితో పోలిస్తే రెట్టింపు కన్నా ఎక్కువ. సీసం మెదడుకే విషం. జ్ఞాపకానికని దాన్ని మింగించడం కన్నా విచారం ఏముంటుంది. అందుకే మీకు చెప్పేది ఒకే మూలిక ఉన్నది. పది మూలికలు, వస, అశ్వగంధ, భస్మాలు కలిపిన "బ్రెయిన్ టానిక్"లు వద్దు. వసలోని బీటా ఆసరోన్ కారణంగా అమెరికా దాన్ని ఆహారంలో వాడకుండా 1968లోనే నిషేధించింది. అశ్వగంధ మగతనిస్తుంది, థైరాయిడ్‌ను కదిలిస్తుంది, కొందరిలో లివర్‌ను దెబ్బతీసింది.

"మతిమరుపు పూర్తిగా నయం" అన్న ప్రకటన కనిపిస్తే అక్కడితో ఆగండి. డ్రగ్స్ రూల్స్‌లోని షెడ్యూల్ జె ప్రకారం, మందు గురించి చెప్పుకోకూడని మాటల్లో "మెదడు సామర్థ్యం పెంచుతాం, జ్ఞాపకశక్తి మెరుగుపరుస్తాం" అన్నదీ ఒకటి. చట్టం తెలిసీ అలా రాసేవాడు లోపల ఏం పెట్టాడో ఊహించుకోవచ్చు.

చెరువు గట్టున, మురుగు కాలవ పక్కన తెంపిన ఆకు వద్దే వద్దు. బకోపా నీటిలోని లోహాలను పీల్చి దాచుకునే మొక్క. కావాలంటే కుండీలో వేసుకోండి. సగం ఎర్రమట్టి, సగం పశువుల ఎరువు, ఎప్పుడూ తడి. కొమ్మ గుచ్చితే పది పదిహేను రోజుల్లో వేళ్లు పట్టేస్తుంది.

సారస్వతారిష్టం విషయంలో నా సమాధానం సూటిగా వద్దనే. ఇది పులియబెట్టిన మందు. స్వయంజనిత ఆల్కహాల్ 5 నుంచి 10 శాతం దాకా ఉంటుందని సీసా మీదే రాస్తారు. రెండు పూటలా 15 మిల్లీలీటర్లు మత్తెక్కించేంతేం కాదు గానీ, నిద్రమాత్రతో కలిస్తే నడక తూలుతుంది. దాని కన్నా పెద్ద ఇబ్బంది పంచదార, తేనె. షుగరున్న మనిషికి రోజూ తీపి పాకం ఎందుకు. బంగారు రేకు కలిపిన ఖరీదైన రకం డిమెన్షియాకు ఎక్కువ మేలు చేస్తుందని చూపించిన పరీక్ష లేదు. సరస్వతి లేహ్యానిదీ ఇదే కథ, పరీక్షల ముందు పిల్లలు నాకేది. బ్రాహ్మి ఘృతం నెయ్యి. కొలెస్టరాల్ ఎక్కువున్నవాళ్లకు రోజూ రెండు చెంచాలు భారమే. బ్రాహ్మి తైలం తలకు రాసుకోవచ్చు. జ్ఞాపకం రాదు గానీ సాయంత్రం కంగారుపడే మనిషి తల ఓ పది నిమిషాలు నిమిరితే కుదుటపడతారు. తర్వాత బాత్రూమ్ నేల మీద నూనె చుక్క లేకుండా చూడండి.

జింకో అనే చెట్టు ఆకు మాత్రల గురించి కూడా ఎవరో ఒకరు చెబుతారు, ఇప్పుడే చెప్పేస్తాను. అమెరికాలో 3069 మంది పెద్దవాళ్లకు రోజుకు రెండుసార్లు 120 మిల్లీగ్రాముల చొప్పున ఆరేళ్లు ఇచ్చి చూశారు. డిమెన్షియా రాకుండా ఆపలేదు. మీ నాన్నగారు ఆస్పిరిన్ వాడుతున్నారు, జింకోతో రక్తం కారే ప్రమాదం పెరగొచ్చు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే అసిట్రోమ్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లు అసలు ముట్టుకోవద్దు.

కంటి శుక్లాల ఆపరేషనైనా, పన్ను తీయించడమైనా ముందు ఈ మూలిక సంగతి చెప్పండి. ఆపరేషన్‌కు రెండు వారాల ముందు ఆపండి. న్యూరాలజిస్టుకు, ఆయుర్వేద వైద్యుడికి ఇద్దరికీ ఒకే పట్టీ చూపించండి. ఒకరి దగ్గర ఒకటి దాచడం వల్లే సగం చిక్కులు వస్తాయి. ఒక రోజులోనో రెండు రోజుల్లోనో ఉన్నట్టుండి బాగా తికమకపడితే అది బ్రాహ్మి చాలక కాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, సోడియం పడిపోవడం, వారాల కిందట పడినప్పుడు తలలో గడ్డకట్టిన రక్తం, ఇవి చూడాలి. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

12 వారాలయ్యాక నోటుబుక్కు తీసి, మొదటి నాలుగు ఆదివారాల మార్కులు, చివరి నాలుగు ఆదివారాల మార్కులు కలిపి చూడండి. మధ్యలో జ్వరం వచ్చిన వారం, పెళ్లికి ఊరెళ్లిన వారం, ఇల్లు మారిన వారం తీసేయండి. కొత్త చోటికి వెళితేనే ఈ జబ్బులో మనిషి చెదిరిపోతాడు. తేడా లేకపోతే ఆపేయండి, ఇంకో మూడు నెలలని సాగదీయొద్దు. తేడా ఉన్నట్టనిపిస్తే ఓ నెల ఆపి, మార్కులు వేసేవాళ్లకు చెప్పకుండా మళ్లీ చూడండి. ఆపినా మార్కులు అలాగే ఉంటే ఆ మెరుగు బి12దో, తీసేసిన అవిల్‌దో. ఆపితే తగ్గి, మళ్లీ ఇస్తే పెరిగితే, 300 దగ్గరే ఉంచి, మూడు నెలలకోసారి లివర్, నాడి చూసుకుంటూ కొనసాగించండి.

హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి లాంటి చోట మెమరీ క్లినిక్‌కు వెళ్లేటప్పుడు ఆ నోటుబుక్కు, వాడే సీసాలన్నీ ఒక సంచిలో వేసి తీసుకెళ్లండి, ఖాళీవి కూడా.